ప్రస్థానం పెట్టిన కుక్క

మేము అబిసీనియాకు పోతున్నామని తెలిసినప్పుడు, ప్రొద్దుటూరులో మా వీధివాళ్ళు సగం మంది అది బొంబాయికి కాస్త అవతల ఉంటుందనుకున్నారు. మిగతా సగం మంది అక్కడ మనుషుల్ని తింటారేమోనని నా వైపు జాలిగా చూశారు. నాకైతే ఆ దేశం పేరే అప్పటిదాకా తెలియదు. మా ఆయన హైస్కూలు నుంచి అట్లాసు తెచ్చి, ప్రొద్దుటూరు ఉండాల్సిన చోట ఒక వేలు, అబిసీనియా మీద ఒక వేలు పెట్టి చూపించాడు. రెండు వేళ్ళ మధ్య నీలం రంగు చాలా ఉంది. నేను అట్లాసు మూసి ఆయన చేతికిచ్చాను.

మా ఆయన లెక్కలు చెప్పేవాడు. మా పక్కల బడిపంతుల్ని అయివారు అంటారు, వాళ్ళ పెళ్ళాల్ని అయివారమ్మ అంటారు. అక్కడి బడులకు లెక్కల అయివార్లు కావాలని ఇంగ్లీషు పత్రికలో ప్రకటన పడితే, నాతో ఒక్క మాట అనకుండా దరఖాస్తు పెట్టాడు. పెట్టినప్పుడు మనది ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. మద్రాసు నుంచి పాస్‌పోర్టులు చేతికి వచ్చేసరికి రాష్ట్రం పేరు మారింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. ఏ కాగితంలో ఏ రాష్ట్రం రాయాలో తెలియక ఆయన నాలుగు ఆఫీసులు తిరిగాడు. ఆయనకు అలాంటి తిరుగుడంటే ఇష్టమని నాకు అప్పుడే తెలిసింది.

మా ఇంట్లో ప్రాణాలు అయిదు. మేమిద్దరం, నాలుగేళ్ళ మా పాప, ఒక కుక్క, ఒక చిలుక. కుక్కను వేములలో ఉండే మా ఆడబిడ్డ ఇచ్చింది. వాళ్ళ శెనక్కాయల చేను కాసే కుక్క ఈనితే, పాప మొదటి పుట్టినరోజుకు ఒక పిల్లను గంపలో పెట్టుకొని వచ్చింది. పుట్టినరోజుకు వెండి గిన్నె తెస్తారు, గౌను తెస్తారు, ఈమె కుక్కను తెచ్చింది. మాది మడీ తడీ ఉన్న ఇల్లు. కుక్క అరుగు మీదే ఉండాలి, గడప దాటకూడదని నేను మొదటి రోజే గట్టిగా చెప్పాను. నేను చెప్పింది మా ఇంట్లో తు చ తప్పకుండా విన్నది ఆ కుక్క ఒక్కటే. దానికి పేరు కూడా పెట్టలేదు. కుక్కా అంటే పలికేది.

పాప అన్నం తినేది గడప లోపల కూర్చొని, కుక్క కూర్చునేది గడప అవతల. దానికొక ముద్ద, నీకొక ముద్ద అంటే గానీ పాప నోరు తెరిచేది కాదు. దా దా దా అని పాప పిలిస్తే అది వీధి చివర నుంచైనా పరిగెత్తుకొచ్చేది. 

చిలుక నా పుట్టింటిది. మాది జమ్మలమడుగు. గండికోట లోయలో పట్టి సంతకు తెచ్చినవాటిలో ఒకదాన్ని మా అన్న కొని నాకిచ్చాడు. దానికి రెండు మాటలు వచ్చు. పాపను విని నేర్చుకున్న దా దా దా ఒకటి. వీధిలో పోయేవాళ్ళను విని నేర్చుకున్న "యాడికి పోతాండావు?" ఒకటి. బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడగకూడదంటారు కదా. మా చిలుక మాత్రం చెప్పులు వేసుకున్న ప్రతివాణ్ణీ అడిగేది. మా ఆయన రోజూ బడికి వెళ్ళేముందు దాని మాట విని, వెనక్కి వచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేవాడు. లెక్కలు చెప్పేవాడికి ఈ నమ్మకాలేమిటని అంటే, నీళ్ళు తాగితే నష్టమేముందనేవాడు.

ప్రయాణం ఖాయమయ్యాక పాప అడిగిన మొదటి మాట, కుక్క వస్తుందా అని. నువ్వు యాడుంటే అది ఆడుంటుంది అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. పాపను ఊరుకోబెట్టడానికి అన్నాను. కానీ మా ఆయన విన్నాడు, ఆయనకు తిరగడానికి ఇంకో పని దొరికింది. ఓడ కంపెనీకి ఉత్తరం రాశాడు. కుక్కకూ చిలుకకూ చార్జీ కట్టి, జబ్బుల్లేవని పశువుల డాక్టరు సర్టిఫికెట్టు తెస్తే ఎక్కించుకుంటామని వాళ్ళు జవాబు రాశారు. 

పశువుల ఆసుపత్రికి నేనూ వెళ్ళాను. డాక్టరు మంచివాడే. కాకపోతే ఆయన దగ్గర ఉన్న ఫారం ఎద్దులకూ ఆవులకూ వేసింది. కుక్కను సముద్రం దాటిస్తామని ఆయన్ను అంతవరకు ఎవరూ అడగలేదు.

"ఓడోళ్ళకు కావల్సింది సీలు గదా అయివారూ. ఏ ఫారమైతే ఏంది?" అన్నాడు.

అలా మా కుక్కకు సర్టిఫికెట్టు తయారైంది. కొమ్ములు: లేవు. మూపురం: లేదు. పళ్ళు చూడబోతే అది గుర్రుమంది కాబట్టి, పళ్ళు: ఉన్నాయి. చిలుక ఫారంలో కూడా కొమ్ములు లేవనే రాశాడు. ఆ రెండు కాగితాలూ మా ఆయన మా పాస్‌పోర్టుల మధ్య పెట్టి, పెట్టెలో అన్నిటికంటే పైన ఉంచాడు.

ప్రయాణానికి వారం ముందు వేముల నుంచి మా ఆడబిడ్డ వచ్చింది, ఊరగాయలు పెట్టడానికి. జమ్మలమడుగు నుంచి మా చిన్నమామ వచ్చాడు. ఆయన మా ఆయనకు చిన్నాయన, పౌరోహిత్యం చేసేవాడు, మా ఇంట్లో పెళ్ళి నుంచి బావి తవ్వకం దాకా గడియ పెట్టేది ఆయనే. పంచాంగం విప్పి, పడమటి ప్రయాణానికి మంచి గడియ ఆదివారం పొద్దున ఉంది, మళ్ళీ పది రోజుల దాకా లేదు అన్నాడు. మా రైలు బుధవారం. ఎర్రగుంట్లలో బొంబాయి మెయిలు మన గడియ కోసం ఆగదు, బొంబాయిలో ఓడ అంతకన్నా ఆగదు.

దీనికి మావాళ్ళ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఉపాయం ప్రస్థానం పెట్టడం. మంచి గడియలో మనిషి బయలుదేరలేకపోతే, ఆ మనిషి వస్తువు ఏదైనా ఆ గడియలో ఇంటి నుంచి తీసుకుపోయి, ప్రయాణం చేసే దిక్కున వేరేవాళ్ళ ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత వీలైన రోజు మనిషి వెళుతూ దాన్ని తీసుకొని పోతాడు. ఒకటే నియమం, అలా పెట్టిన వస్తువు మళ్ళీ ఇంటికి రాకూడదు. వస్తే ప్రయాణం చెడినట్టు.

మా వీధికి పడమటి చివర దువ్వూరు అక్క ఇల్లు. వాళ్ళది దువ్వూరులో పెద్ద సేద్యం. పిల్లల చదువుల కోసం ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకున్నారు. ఆదివారం పొద్దున మా ఆయన ఉత్తరీయం, నా రవిక గుడ్డ, పాప గౌను, చిలుక నీళ్ళు తాగే గిన్నె కలిపి ఒక మూట కట్టాం. అప్పుడు పాప కుక్కది ఏదని అడిగింది. అడగాల్సిన మాటే. దానికి ఒంటి మీద తాడు తప్ప ఆస్తి లేదు.

"తాడు పెట్టల్లంటే దాన్ని ఇప్పల్ల. ఇప్పితే అది వీధులెంబడి పోతాది," అన్నాడు చిన్నమామ.

మా ఆయన, "తాడుతో పాటు కుక్కనే పెడితే?" అన్నాడు. సామాన్లు కట్టుకునేటప్పుడు అది కాళ్ళకు అడ్డం పడకుండా కూడా ఉంటుందని నాకు బాగానే తోచింది. చిన్నమామ పంచాంగంలో వద్దని ఎక్కడా రాయలేదన్నాడు. ఇంతమంది పెద్దవాళ్ళం కలిసి, ప్రాణమున్నదాన్ని ప్రస్థానం పెట్టాం. వస్తువైతే పెట్టినచోట ఉంటుంది. ఆ తేడా ఒక్కరికీ తట్టలేదు.

మా ఆయన దాన్ని దువ్వూరు అక్క ఇంటి పంచలో స్తంభానికి కట్టాడు. ఆమె నవ్వి నవ్వి కొంగు నోట్లో పెట్టుకుంది.

"కుక్కను ప్రస్థానం పెట్టేది నేను యాడా చూడలే అయివారమ్మా. మీరేం జేసినా శాస్త్రమే గదా. ఉండనీ, నాలుగు దినాలు దానికి నేనే ఇంత సంగటి ఏస్తాలే."

తిరిగి వస్తుంటే పాప చిన్నమామ వేలు పట్టుకొని నడిచింది. "తాతా, కుక్క మళ్ళా మనింటికి వస్తాదా?" అని అడిగింది.

"రాగూడదు," అన్నాడాయన. "ఆడ పెట్టింది ఇంగ ఇంట్లోకి రాగూడదు."

ఆయన చెప్పింది సరైన జవాబే. మేమందరం పుట్టినప్పటి నుంచి ప్రస్థానాలు చూసినవాళ్ళం. బుధవారం మనం పోయేటప్పుడు దాన్ని తీసుకొని పోతామే పిచ్చిదానా అని ఎవరో ఒకరం అనాలి. ఎవరమూ అనలేదు. పాప ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు. అరుగు మీద కుక్క లేదు కదా, అందుకే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఎండకు వీధి నిద్రపోతోంది. మా ఆయన ఏదో సంతకానికి బయటికి పోయాడు. చిన్నమామ పంచలో కండువా తలకింద పెట్టుకొని పడుకున్నాడు. మా ఆడబిడ్డ వంటింట్లో జాడీల పక్కనే కునుకు తీస్తోంది. నేను బియ్యం కొలవడానికి నడిమింట్లోకి వెళ్ళాను. బియ్యం బస్తా వెనక నుంచి రొప్పుతున్న చప్పుడు వినిపించింది. వంగి చూస్తే పాప, పాప ఒళ్ళో కుక్క తల. మూడేళ్ళలో ఒక్కసారీ గడప దాటని కుక్క మా నడిమింట్లో, ఉట్టి కింద, చెవులు వెనక్కి వాల్చి తప్పు చేసినట్టు కూర్చొని ఉంది. తాడు పక్కనే పడి ఉంది. ఎక్కడా తెగలేదు, కొరికినట్టు లేదు. ముడి విప్పిన చోట మడత అలాగే ఉంది.

"ఆడ పెడితే ఇంగ రాదంట గదమ్మా," అంది పాప. "అందుకే తెచ్చినా."

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఎండలో వీధి చివరిదాకా ఒక్కతే నడిచి, ముడి విప్పి, అది గడప దగ్గర మొండికేస్తే లోపలికి లాక్కొచ్చి దాచింది. కుక్కను వదిలేసి పోతున్నామనుకొని కాపాడింది.

అప్పుడు నేను పాపను దగ్గరికి తీసుకొని రెండు మాటలు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఎవరూ లేవకముందే కుక్కను మెడపట్టి అరుగు మీదికి నెట్టాను. తాడు దాని వెనకే విసిరాను. "ఎవరికీ చెప్పొద్దు. నోరెత్తినావంటే చూడు," అన్నాను పాపతో. పాప తలూపింది.

కాసేపటికి చిన్నమామ లేచి అరుగు మీద కుక్కను చూశాడు. ఇంట్లో అందరినీ లేపాడు. దువ్వూరు అక్క కూడా పరిగెత్తుకొచ్చింది, "నేను లోపల శెనక్కాయలు ఒలుస్తాంటి, చూడలే అయివారమ్మా," అని నొచ్చుకుంటూ. మా ఆయన అప్పుడే ఇంటికి వచ్చాడు. 

చిన్నమామ నా వైపు తిరిగాడు. ఆయన ఏం అడిగాడో నాకు ఇప్పటికీ ప్రతి మాటా గుర్తుంది.

"అమ్మాయీ, అది తానుగా వచ్చిందా, ఎవురన్నా ఇప్పినారా? ఇప్పింటే అది మనిషి చేసిన తప్పు, దానికి లెక్క లేదు, నీళ్ళు చల్లి మళ్ళా కట్టొచ్చు. తానుగా వచ్చింటే మాత్రం అది ఈ ఇంటిని వదలనంటాండాది. దాన్ని పిలుచుకోని పోతే మీరు గూడా నడిమధ్యలో తిరిగొస్తారు."

పాప నా కుచ్చిళ్ళు పట్టుకొని వెనక నిలబడి ఉంది. 

"తానే వచ్చింది మామా," అన్నాను.

మా ఆయన ఒక్కసారి వాదించాడు. "అది కుక్క చిన్నాయనా, దానికి శాస్త్రం ఏం తెలుసు?"

"పెట్టినప్పుడు కుక్కని తెలీదా నీకు?" అన్నాడు చిన్నమామ. మూట ఇంకా దువ్వూరు అక్క ఇంట్లోనే ఉంది కాబట్టి మా ప్రయాణానికీ చిలుక ప్రయాణానికీ దోషం లేదు, కుక్క మాత్రం ఆగిపోవాలి అని తేల్చారు. వేముల నుంచి వచ్చింది కదా, వేములకే తీసుకుపోతానంది మా ఆడబిడ్డ.

పాపను తిట్లు తినకుండా కాపాడానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. నాలుగేళ్ళ పిల్లను అక్కడ ఎవరు తిడతారు? నిజమేమిటంటే నాకు సముద్రమంటే భయం. అట్లాసులో ఆ నీలం చూసిన రోజు నుంచి రోజూ భయమే. వారం రోజులు ఓడలో, ఒక చేతిలో పిల్ల, ఒక చేతిలో పంజరం, వీటికి తోడు కుక్క మలమూత్రాలు ఎత్తిపోయడం నావల్ల కాదని లోపల లోపల అనుకుంటూనే ఉన్నాను. వద్దని చెప్పడానికి మొహం చెల్లలేదు, మాట ఇచ్చినదాన్ని నేనే కాబట్టి. చిన్నమామ అడిగిన ప్రశ్న నాకు తెరిచిన తలుపులా కనిపించింది. అందులోంచి దూరి బయటపడ్డాను.

బుధవారం పొద్దున మా ఆడబిడ్డ కుక్కతో పులివెందుల బస్సెక్కింది, కండక్టరుతో కొట్లాడి మరీ. పులివెందులలో దిగి అక్కడి నుంచి వేములకు పోవాలి. పాప ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని వీధి వీధంతా మెచ్చుకుంది. మేము మూట తీసుకొని ఎర్రగుంట్లకు పోయి రైలెక్కాం. స్టేషన్లో చిలుక ప్రతి ఒక్కరినీ యాడికి పోతాండావని అడుగుతూనే ఉంది, ఈసారి ఎవరూ వెనక్కి వచ్చి నీళ్ళు తాగలేదు.

ఓడలో నేను అనుకున్నట్టే అయ్యింది. వారం రోజులూ తల ఎత్తలేదు. పాపను మా ఆయనే చూసుకున్నాడు, చిలుకను కూడా. కుక్క ఉన్నా ఆయనే చూసుకునేవాడని అప్పుడు తెలిసింది. ఏడెన్‌లో మరో ఓడ మారి జిబూతీలో దిగితే, రేవులో ఒక అధికారి మా కాగితాలు చూసి కుక్క ఎక్కడని అడిగాడు. కాగితాల్లో కుక్క సర్టిఫికెట్టు కూడా ఉండిపోయింది. లేదని మా ఆయన చేతులతో చెప్పాడు. అతను నమ్మలేదు. మా పెట్టెల వెనకా, బల్ల కిందా వంగి వెతికాడు. పాప కూడా అతనితో పాటు వంగి బల్ల కింద చూసింది. నాకు ఆ క్షణంలో అక్కడే నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

అక్కడి నుంచి రైల్లో, తర్వాత బస్సులో కొండల మీదికి పోయాం. ఊరు చల్లగా ఉండేది. మనుషులు ఎవరినీ తినరు సరికదా, వాళ్ళకు బుధవారం, శుక్రవారం ఉపవాసం, ఆ రోజుల్లో మాంసం ముట్టరు. మేము ఏ రోజూ ముట్టం కాబట్టి ఏడాది పొడుగునా ఉపవాసం చేసే మహా భక్తులమని మాకు పేరొచ్చింది. పుల్లటి దోశలాంటిది ఒకటి గంప మూతంత పోసేవాళ్ళు. మొదట్లో మూతి తిప్పిన నేను, ఏడాది తిరిగేసరికి మా ఆడబిడ్డ ఊరగాయ నంజుకొని దాన్ని రెండేసి తినేదాన్ని. మా ఆయన సంతోషంగా ఉన్నాడు. పాప అక్కడి భాష మా ఇద్దరికన్నా ముందు నేర్చుకుంది, తన అన్నం తనే తినడం నేర్చుకుంది. కుక్క మాట ఒక్కసారీ ఎత్తలేదు. పిల్లలు మరిచిపోతారు అనుకున్నాను. అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

మరిచిపోనిది చిలుక. కంచాల చప్పుడు వినిపిస్తే చాలు, నాలుగేళ్ళ పాప గొంతుతో దా దా దా అని పిలిచేది. పాప గొంతు మారింది, దాని గొంతు మారలేదు. రోజుకు రెండు పూటలు, మూడేళ్ళు. పంజరం మీద గుడ్డ కప్పి చూశాను. గుడ్డ కింద నుంచి కూడా పిలిచింది. కప్పుతున్న నన్ను పాప చూసేది, ఏమీ అనేది కాదు.

మూడేళ్ళకు సెలవు ఇచ్చారు. ప్రొద్దుటూరులో దువ్వూరు అక్క ఇంటి వెనక రెండు గదులు అద్దెకు తీసుకొని సామాను పెట్టుకున్నాం. వచ్చిన వారానికే వేములకు పోయాం. మా ఆడబిడ్డ చేను చూపిస్తూ, "శానా మంచి కుక్క. దొంగోడు చేను దిక్కు చూడల్లంటే భయం," అని మురిసిపోయింది. మంచె కింద పడుకొని ఉంది అది. బలిసింది, ఒక చెవి చిరిగింది. మమ్మల్ని చూసి లేచి మొరిగింది, కొత్తవాళ్ళను చూసి మొరిగినట్టే. మా ఆయన పిలిచాడు, రాలేదు. నేను పిలిచాను, పళ్ళు చూపించింది. న్యాయమే అనుకున్నాను.

పాప గట్టు మీద గొంతుక్కూర్చొని, మెల్లగా దా దా దా అంది. కుక్క మొరగడం ఆపింది. తల వంచి, నేలకు ఒంగి, తోక కాళ్ళ మధ్య నుంచి తీసి ఊపుతూ పాప దగ్గరికి పాక్కుంటూ వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, శెనక్కాయల చేలో నిలబడి ఏడ్చాను. దుమ్ము పడిందా అని మా ఆడబిడ్డ కొంగు తీసింది.

ఈసారి దాన్ని అక్కడ వదల్లేదు. మా ఆడబిడ్డే, మీ కుక్కను మీరు తీసుకపోండి, నాకు దాని పిల్లలు రెండుండాయి అంది. మా ఆయన ఓడ కంపెనీకి ఉత్తరం రాశాడు. పశువుల ఆసుపత్రిలో కొత్త డాక్టరు వచ్చాడు గానీ ఫారం అదే. కొమ్ములు లేవనే రాశారు. కుక్కకు ఆరేళ్ళు దాటినా గట్టిగానే ఉంది. 

మళ్ళీ చిన్నమామ వచ్చాడు. మళ్ళీ మంచి గడియ ఒకరోజు, రైలు ఇంకోరోజు. ఈసారి ప్రస్థానం పెట్టాల్సింది వీధి మలుపులో ఒక గుమాస్తా ఇంట్లో. చిన్నమామ అరుగు మీద పంచాంగం ముందు పెట్టుకొని, మూట సిద్ధం చేయమన్నాడు. కుక్క విషయం ఆయనా ఎత్తలేదు, మా ఆయనా ఎత్తలేదు. ఒకసారి తిరిగొచ్చిన కుక్కను ఈసారి ఏం చేయాలని ఇద్దరికీ అనుమానంగానే ఉంది. దాన్ని మళ్ళీ ఆపేస్తారేమోనని నాకూ గుబులుగా ఉంది. నేను లోపల మూట కడుతున్నాను. పాప తాడు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి పాపకు ఏడు నిండాయి, ముందు పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నాయి.

"దీన్ని గూడా పెట్టమ్మా. ఈసారి నేను ఇప్పనులే," అంది. 

నేను తలెత్తాను.

"ఎవురికీ చెప్పలే కూడా," అంది.

మూడేళ్ళు. ఓడలో, రేవులో బల్ల కింద వంగినప్పుడు, చిలుక పిలిచిన ప్రతి పూటా, నేను నోరెత్తొద్దన్నానని ఆ పిల్ల నోరెత్తలేదు. తన వల్లే కుక్క ఆగిపోయిందనుకుంటూ, ఆ మాట ఎవరితోనూ అనకుండా మోసింది. నేను మరిచిపోయిందనుకున్నాను.

తాడు చేతిలోకి తీసుకొని, పాప చెయ్యి పట్టుకొని అరుగు మీదికి వెళ్ళాను.

"మామా, ఆ పొద్దు అది తానుగా రాలేదు. పాప ఇప్పి తెచ్చింది. నేను చూసినా. చూసి కూడా మీకు అబద్ధం చెప్పినా."

మా ఆయన నా వైపు చూశాడు. చిన్నమామ పాప వైపు చూశాడు, తాడు వైపు చూశాడు, పంచాంగం మూసి పక్కన పెట్టాడు.

"బిడ్డ ఇప్పింటే దోషం యాడుంది?" అన్నాడు. "పోయి కట్టండి."

అంతే అన్నాడు. మూడేళ్ళ కిందట చెప్పి ఉంటే కూడా ఆయన ఆ ఒక్క మాటే అనేవాడు.